పవర్ వాల్వు కంట్రోలరు: మార్చాలా, వద్దా?

(సంవాదం)

టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన వాయువు బయటికి పోవడానికి సిలిండరు గోడకు ఒక పోర్టు ఉంటుంది. దాన్ని తెరిచేదీ మూసేదీ పిస్టనే. పిస్టన్ దిగుతుంటే పోర్టు తెరుచుకుంటుంది, ఎక్కుతుంటే మూసుకుంటుంది. కాబట్టి పోర్టు పై అంచు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఇంజను స్వభావం మారుతుంది. అంచు ఎత్తున ఉంటే పోర్టు ఎక్కువ సేపు తెరిచి ఉండి, ఇంజను పై వేగంలో బాగా లాగుతుంది, కింది వేగంలో నీరసపడుతుంది. అంచు కిందికి ఉంటే కింద పికప్ బాగుంటుంది, పైన ఊపిరాడదు. యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి పోర్టింగ్ చేయించినవారికి ఇది అనుభవమే. ఆకురాయితో పోర్టు పైకి అరగదీస్తే హైవే మీద బండి దూసుకుపోతుంది కానీ, సిగ్నల్ దగ్గర క్లచ్చు నొక్కుతూ రేజ్ చేస్తే తప్ప కదలదు. ఒకసారి అరగదీసిన లోహం తిరిగి రాదు.

ఈ చిక్కుకు జపాన్ కంపెనీలు కనిపెట్టిన జవాబు పవర్ వాల్వు. పోర్టు పై అంచునే కదిలే భాగంగా చేసి, కింది వేగంలో దించి, పై వేగంలో ఎత్తడం దాని పని. యమహా 1977లో తన 500 సీసీ రేసు బండి ఓడబ్ల్యూ35కేలో ఈ ఏర్పాటు పెట్టింది. అదే 1983లో ఆర్‌డీ350 ఎల్‌సీ మీద వైపీవీఎస్ పేరుతో రోడ్డు మీదికి వచ్చింది. హోండా ఆర్‌సీ వాల్వు, కవాసాకీ కిప్స్, సుజుకీ ఏఈటీసీ, రోటాక్స్ రేవ్ ఇదే పని చేసే వేర్వేరు ఏర్పాట్లు. మోటోక్రాస్ బండ్లలో చాలావాటికి ఇంజను వేగాన్ని బట్టి జరిగే గవర్నరు గుండ్లే వాల్వును తిప్పుతాయి. రోడ్డు బండ్లలో ఎక్కువగా ఎలక్ట్రానిక్ కంట్రోలరు, సర్వో మోటారు కలిసి తిప్పుతాయి. భారతదేశంలో 1983 నుంచి ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్ 350 అంతకు ముందు తరం ఆర్‌డీ350బీ నమూనాది. గాలితో చల్లబడే ఆ ఇంజనుకు పవర్ వాల్వు లేదు. వైపీవీఎస్ బండి ఇక్కడ అరుదు. యూరప్‌లో, జపాన్‌లో, బ్రెజిల్‌లో మాత్రం వాటిని కాపాడుకునేవారు చాలామంది.

ఆ బండ్లు పాతబడే కొద్దీ ఒక ప్రశ్న ముందుకొచ్చింది. వాల్వు ఏ వేగంలో ఎంత తెరవాలో కంపెనీ నిర్ణయించిన కంట్రోలరును మార్చవచ్చా? ఈ సంవాదంలో ఒక పక్షం టూ స్ట్రోక్ ఇంజన్ల మీద చేయి తిరిగిన మేస్త్రి. కంపెనీ అమరికను ముట్టుకోవద్దన్నది ఆయన వాదం. రెండో పక్షం ఎలక్ట్రానిక్స్ చదివిన ఇంజినీరు. మార్చవచ్చునన్నది అతని వాదం.

1. పోర్టు ఎత్తు, పైపు పొడవు

ఇంజినీరు: మేస్త్రి గారూ, వాదనకు ముందు లెక్క ఒకటి కుదుర్చుకుందాం. స్ట్రోకు 54 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్డు 110 మిల్లీమీటర్లు ఉన్న ఇంజను తీసుకోండి. పిస్టన్ శిఖర స్థానం నుంచి 30.4 మిల్లీమీటర్లు దిగాక పోర్టు తెరుచుకుంటే, క్రాంకు 180 డిగ్రీలు తిరిగేంత సేపు అది తెరిచి ఉంటుంది. అంచును 28 మిల్లీమీటర్ల దగ్గరికి ఎత్తితే 190 డిగ్రీలవుతుంది. అంటే 2.4 మిల్లీమీటర్లకు పది డిగ్రీల తేడా. వాల్వు చేసే పని కొలతలో ఇంత చిన్నది.

మేస్త్రి: కొలత చిన్నదే బాబూ, ఫలితం చిన్నది కాదు. దాని వెనక పైపు ఉంది. ఎక్స్‌పాన్షన్ చాంబర్ పొగ వదిలే గొట్టం మాత్రమే కాదు. పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అల పైపులోకి పోతుంది, చివరి శంఖువుకు తగిలి వెనక్కి వస్తుంది. ఈలోగా కొంత తాజా పెట్రోలు-గాలి మిశ్రమం పోర్టు దాటి పైపులోకి జారిపోయి ఉంటుంది. తిరిగొచ్చిన అల దాన్ని మళ్లీ సిలిండరులోకి నెట్టాలి, వెంటనే పిస్టన్ పోర్టు మూసెయ్యాలి. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ విద్యను పండించాడు. ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి సుజుకీలో చేరాకే అది జపాన్‌కు చేరింది.

ఇంజినీరు: నా లెక్క ఆ అల గురించే. వేడి వాయువులో అల సెకనుకు సుమారు 520 మీటర్లు పోతుందనుకుందాం. 9,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు 190 డిగ్రీలు తిరగడానికి 3.5 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో అల వెళ్లి రావాలంటే పోర్టు నుంచి పైపు చివరి శంఖువుకు సుమారు 91 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఇప్పుడు అదే పైపుతో 4,500 ఆర్‌పీఎంలో నడపండి. అలకు పట్టే కాలం అంతే. క్రాంకు మాత్రం ఆ కాలంలో 95 డిగ్రీలే తిరుగుతుంది. అల వచ్చేసరికి పిస్టన్ సరిగ్గా అడుగున ఉంటుంది, మిశ్రమాన్ని సిలిండరులోకి పంపే ట్రాన్స్‌ఫర్ పోర్టులు బార్లా తెరిచి ఉంటాయి. సాయం చేయాల్సిన అల, లోపలికొచ్చే తాజా మిశ్రమాన్నే అడ్డుకుంటుంది.

మేస్త్రి: అందుకే కింద వాల్వు దించడం. దించినంత మాత్రాన అల వేళకు రాదు. కానీ మంట పిస్టన్‌ను ఇంకొంత దూరం నెడుతుంది, పోర్టు ముందే మూసుకుంటుంది, జారిపోయే మిశ్రమం తగ్గుతుంది, లోపల పట్టుబడ్డదాని కంప్రెషన్ పెరుగుతుంది. కాబట్టి పోర్టు, పైపు, వాల్వు మూడూ ఒకే లెక్కలోవి. ఒకదాన్ని కదిలిస్తే మిగతావి కదులుతాయి. నా వాదమంతా ఇందులోనే ఉంది.

2. కంపెనీ పెట్టెలో ఏముంది

వైపీవీఎస్‌లో వాల్వు డ్రమ్ము ఆకారంలో ఉండి, పోర్టు పై అంచుకు అడ్డంగా సిలిండరులో అమరుతుంది. రెండు సిలిండర్ల వాల్వులను మధ్యలో ఒక జోడింపు కలుపుతుంది. ఒక కొసన పుల్లీ ఉంటుంది. సర్వో మోటారు నుంచి రెండు కేబుళ్లు వచ్చి పుల్లీని చెరో వైపుకూ లాగుతాయి. సర్వోలో మోటారుతో పాటు పొటెన్షియోమీటరు ఉంటుంది. వాల్వు ఏ కోణంలో ఉందో దాని వోల్టేజీయే కంట్రోలరుకు చెబుతుంది. ఇగ్నిషన్ నుంచి వేగం తెలుసుకుని, ఆ వేగానికి ఉండాల్సిన కోణంతో పొటెన్షియోమీటరు చెప్పే కోణాన్ని పోల్చి, తేడా పోయేదాకా కంట్రోలరు మోటారును తిప్పుతుంది. చాలా మోడళ్లలో తాళం తిప్పగానే వాల్వు ఒకసారి పూర్తిగా తెరుచుకుని మూసుకుంటుంది. మసి పట్టకుండా చూసే ఏర్పాటు అది. ఆ 'గుర్ర్' శబ్దం వినిపించకపోతే లోపం ఉన్నట్టే.

మేస్త్రి: ఆ కంట్రోలరు పెట్టెలో, ఏ వేగానికి ఏ కోణమో చెప్పే పట్టిక ఊరికే పుట్టలేదు. ఆ ఇంజనుకు, ఆ పైపుకు, ఆ కార్బురేటరు జెట్టుకు, ఆ ఇగ్నిషన్ టైమింగుకు కంపెనీవాళ్లు బెంచి మీద ఇంజను నడిపి రాసుకున్నది. మీరొచ్చి ఒక అంకె మార్చి, బండి చురుగ్గా ఉందంటారు. ఆ చురుకు నిజంగా పెరిగిన బలమా, ఒక్కసారిగా వచ్చే కుదుపా? వాల్వు ఆలస్యంగా తెరిస్తే మధ్యలో బలం పడిపోయి తర్వాత ఠక్కున లేస్తుంది. ఎక్కినవాడికి అదే వేగంగా అనిపిస్తుంది. గడియారానికి అలా అనిపించదు.

ఇంజినీరు: గడియారం మాట ఒప్పుకుంటాను, దాని దగ్గరికి మళ్లీ వద్దాం. కానీ కంపెనీ పట్టిక కూడా రాజీయే. ఎండకూ చలికీ, సముద్ర మట్టానికీ కొండకూ, రకరకాల పెట్రోళ్లకూ, ఎవరు నడిపినా, అదే పెట్టె సరిపోవాలి. అదీకాక బండి యజమాని పైపు మార్చాడనుకోండి. మన లెక్కలోనే చూడండి: 190 డిగ్రీల పోర్టుతో 9,000కు 91 సెంటీమీటర్లయితే, 10,000కు 82 చాలు. తొమ్మిది సెంటీమీటర్లు పొట్టి పైపు బిగించి, వాల్వును పాత వేగంలోనే తెరిస్తే మధ్యలో గుంట పడుతుంది. మూడూ ఒకే లెక్కలోవని మీరే అన్నారు. పైపు మారాక వాల్వును మార్చకపోవడమే తప్పు.

మేస్త్రి: పైపు మార్చినవాడి సంగతి వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఏదీ మార్చకుండానే పెట్టె మార్చమంటారు.

3. ముందు చూడాల్సింది ఇనుమా, కరెంటా

మేస్త్రి: పైన లాగట్లేదంటూ బండి తెస్తారు. విప్పి చూస్తే వాల్వు మీద మసి గట్టిపడి ఉంటుంది. చౌక రకం 2టీ ఆయిల్ పోసి, నెమ్మదిగా తిరిగే బండికి ఇది మామూలు. లేదా కేబుల్ సాగి, పెట్టె పూర్తిగా తెరువమన్నా వాల్వు ముప్పాతికే తెరుస్తుంది. లేదా రెండు సిలిండర్ల మధ్య జోడింపు అరిగి, కుడి వాల్వు ఒక కోణంలో, ఎడమ వాల్వు ఇంకో కోణంలో ఉంటాయి. వాల్వు కొసల్లో సీళ్లు పోయి నల్లటి నూనె కారుతుంటుంది. ఇవన్నీ వదిలేసి పెట్టె మారిస్తే, మోకాలు నొప్పికి కళ్లజోడు మార్చినట్టు.

ఇంజినీరు: ఇందులో మనకు పేచీ లేదు. లక్షణం చూసి చాలావరకు చెప్పొచ్చు కూడా. వాల్వు తెరిచిన చోటే ఇరుక్కుంటే కింద పికప్ ఉండదు, పైన మామూలుగా ఉంటుంది. మూసిన చోట ఇరుక్కుంటే కింద బాగుండి, ఒక వేగం దాటాక ముందుకు పోదు. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే పొటెన్షియోమీటరు అరిగిందని అనుమానించాలి. వాల్వు ఎక్కువ సేపు నిలిచే చోటే దాని పట్టీ ముందు అరుగుతుంది, అక్కడ వోల్టేజీ దుముకుతుంది.

మేస్త్రి: అయితే వరస రాసుకోండి. ముందు వాల్వు తీసి మసి గీకాలి. సీళ్లు, జోడింపు చూడాలి. పుల్లీ మీది గుర్తు సిలిండరు మీది గుర్తుకు కలిసేలా కేబుళ్లు సర్దాలి. చేత్తో తిప్పితే వాల్వు ఆ కొస నుంచి ఈ కొసకు పట్టు లేకుండా తిరగాలి. సిలిండరు బోరు చేయించి పెద్ద పిస్టన్ వేసి ఉంటే, వాల్వు అంచుకూ పిస్టన్‌కూ మధ్య సందు కొలవాలి. డ్రమ్ముకు బదులు గిలెటిన్‌లా జారే పలక వాల్వున్న బండ్లలో ఇది ఇంకా ముఖ్యం. పలక పిస్టన్‌కు తగిలితే ఇంజను విప్పాల్సిందే.

4. రెసిస్టరుతో మభ్యపెట్టడం

అతి చౌక సవరణ పొటెన్షియోమీటరు తీగల్లో ఒక రెసిస్టరు చేర్చడం. దానితో వోల్టేజీ కొంత పక్కకు జరుగుతుంది. వాల్వు ఉన్న కోణం ఒకటి, కంట్రోలరు అనుకునే కోణం మరొకటి అవుతుంది. ఉన్నదానికంటే మూసి ఉందని అనుకుంటే అది వాల్వును ఇంకొంచెం తెరుస్తుంది. అలా ప్రతి వేగంలోనూ వాల్వు కంపెనీ చెప్పినదానికంటే ముందుంటుంది.

మేస్త్రి: ఇది పావలా ఖర్చుతో పాతిక వేల నష్టం. పెట్టె పూర్తిగా తెరువమంటుంది. వాల్వు అప్పటికే చివరి అడ్డుకు తగిలి ఉంటుంది. పొటెన్షియోమీటరు మాత్రం ఇంకా తెరవలేదని అబద్ధం చెబుతుంటుంది. మోటారు అడ్డు మీద నెడుతూనే ఉంటుంది. తిరగని మోటారులో కరెంటు పెరిగి చుట్ట మాడుతుంది, లేదా కేబుల్ తెగుతుంది, లేదా పెట్టెలో ట్రాన్సిస్టరు పోతుంది. హైవే మీద గంట సేపు అదే వేగంలో పోతే గంట సేపూ ఇదే తంతు.

ఇంజినీరు: ఈ పద్ధతిని నేనూ సమర్థించను. ఇంకో దోషం కూడా ఉంది. రెసిస్టరు వాల్వు కోణాన్ని అన్ని వేగాల్లోనూ జరుపుతుంది. మనకు కావలసింది తెరుచుకునే వేగాన్ని జరపడం. రెండూ వేర్వేరు. కింద కాస్త తెరిచి ఉండే వాల్వుతో అసలు లాభమే పోతుంది.

మేస్త్రి: వాల్వును తెరిచిన చోట బిగించేయడం ఇంకో చౌక పని. కోట్లు ఖర్చు పెట్టి కంపెనీ చేసినదాన్ని ఒక బోల్టుతో ఆర్‌ఎక్స్ 100 పోర్టింగ్ స్థాయికి దించడం.

5. కొత్త కంట్రోలరు

ఇంజినీరు: నేను చెప్పే మార్పు పాత పెట్టె తీసి పక్కన పెట్టి, కొత్తది తగిలించడం. స్లొవేనియాలో జీల్‌ట్రానిక్, చెక్ దేశంలో ఇగ్నిటెక్ లాంటి చిన్న కంపెనీలు పాత టూ స్ట్రోకుల కోసం, పట్టిక మార్చుకోగల ఎలక్ట్రానిక్స్ అమ్ముతున్నాయి. చేతిపని తెలిసినవారు మైక్రోకంట్రోలరు బోర్డుతో సొంతంగానూ చేసుకుంటారు. కావలసినవి నాలుగే: ఇగ్నిషన్ నుంచి వేగం చదివే సర్క్యూటు, పొటెన్షియోమీటరు వోల్టేజీ చదివే పిన్ను, మోటారును రెండు వైపులా తిప్పే హెచ్ బ్రిడ్జి, వీటి మధ్య పట్టిక.

మేస్త్రి: నాలుగే అంటే తేలిగ్గా ఉంది. బండి మీద కరెంటు ఇంట్లో బ్యాటరీ లాంటిది కాదు. సీడీఐ కాయిలు ప్రైమరీ మీద వందల వోల్టులుంటాయి. ప్లగ్గు మండిన ప్రతిసారీ తీగల్లో రొద పుడుతుంది. రెగ్యులేటరు పాడైతే 12 వోల్టుల బండిలో 16, 18 వోల్టులు వస్తాయి. మీ బోర్డు ఎన్నాళ్లుంటుంది?

ఇంజినీరు: పట్టించుకోకుండా చేస్తే ఒక సాయంత్రం కూడా ఉండదు. పట్టించుకుంటే ఉంటుంది. వేగపు సంకేతాన్ని ఆప్టోకప్లర్ ద్వారా తీసుకోవాలి. అప్పుడు కాయిలు వైపు ఉన్న వోల్టేజీ బోర్డును తాకదు. సరఫరా తీగకు ఫ్యూజు, ఉప్పెనను అణిచే డయోడు ఉండాలి. ఒక పల్సు వచ్చాక, తర్వాతిది రాదగిన కాలానికి ముందే ఇంకేదైనా వస్తే అది రొదే. ప్రోగ్రాము దాన్ని లెక్కించకూడదు. బోర్డును నీరు, అదురు తగలకుండా పోతపోసిన డబ్బాలో పెట్టాలి.

మేస్త్రి: పల్సుల లెక్క మరిచారు. రెండు సిలిండర్ల బండిలో చుట్టుకు ఒక పల్సా, రెండా అన్నది తేల్చుకోకుండా రాస్తే, 6,000 దగ్గర తెరవాల్సిన వాల్వు 3,000 దగ్గర తెరుస్తుంది. లేదా ఎప్పటికీ తెరవదు.

ఇంజినీరు: అదీ ముందే చూసుకోవాల్సిందే, టాకోమీటరుతో పోల్చి సరిచూడాలి. ఇంకో రెండు విషయాలు. తెరిచే వేగం, మూసే వేగం ఒకటే అయితే ఆ వేగం దగ్గర వాల్వు క్షణక్షణం తెరుస్తూ మూస్తూ కొట్టుకుంటుంది. అందుకని 6,000కు తెరిస్తే 5,800కు దిగాకే మూయాలి. కోణం విషయంలోనూ ఒకటి రెండు డిగ్రీల తేడాను క్షమించాలి. లేకపోతే మోటారు నిలకడగా ఉండదు. రెండోది, రెండు కొసల్లోనూ అడ్డుకు కొంచెం ఇవతలే ఆగేలా హద్దులు నేర్పాలి. పావు సెకను నెట్టినా కోణం మారకపోతే కరెంటు ఆపేయాలి. రెసిస్టరు పద్ధతిలో మీరు చెప్పిన ప్రమాదం ఇక్కడ రాదు.

మేస్త్రి: తాళం తిప్పగానే జరిగే ఊడ్పు?

ఇంజినీరు: అది తీసేయకూడదు. మసికి మందు అదే, లోపం తెలిపే మొదటి గంట కూడా అదే.

6. సంకేతం పోతే వాల్వు ఎక్కడ నిలవాలి

మేస్త్రి: ఒక తీగ ఊడింది, వేగం చదవడం ఆగింది. వాల్వు ఎక్కడుండాలి? నన్నడిగితే తెరిచే ఉండాలి. మూసిన వాల్వుతో పై వేగంలో పోతే లోపల పట్టుబడ్డ మిశ్రమం కంప్రెషన్ ఎక్కువ, వేడి ఎక్కువ. మిశ్రమం అదుపు తప్పి పేలే డిటోనేషన్ మొదలైతే పిస్టన్ తల కరుగుతుంది, రింగులు ఇరుక్కుంటాయి, ఇంజను సీజ్ అవుతుంది. వెనక చక్రం పట్టేస్తే మనిషికే ముప్పు. తెరిచి ఉంటే ఏమవుతుంది? ఇంటికి నీరసంగా చేరతాడు.

ఇంజినీరు: మొదట నేను ఉన్న చోటే ఆపాలనుకున్నాను, కుదుపు రాకుండా. కానీ మీ మాటే సరైనది. రెండింటినీ కలపొచ్చు: సంకేతం పోగానే అర సెకను ఉన్న చోటే ఉంచి, ఆ తర్వాత నెమ్మదిగా తెరిచి, హెచ్చరిక దీపం వెలిగించాలి. ప్రోగ్రాము బిగుసుకుపోతే దానంతటదే తిరిగి మొదలయ్యేలా వాచ్‌డాగ్ ఉండాలి.

మేస్త్రి: డిటోనేషన్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. వాల్వు వేళ మార్చినప్పుడు జెట్టింగు మళ్లీ చూడాలి. సిలిండరు ఎక్కువ నిండే చోట పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. ప్లగ్గు తెల్లబడితే ఆగాలి. టూ స్ట్రోకు తప్పును ఎక్కువసేపు క్షమించదు.

7. కొలిచి తేల్చడం

ఇంజినీరు: ఇక గడియారం దగ్గరికి వద్దాం. వాల్వు ఎప్పుడు తెరవాలన్నదానికి ఊహ అక్కర్లేదు. ఇంజను బలాన్ని కొలిచే డైనో మీద బండి ఎక్కించి, వాల్వు పూర్తిగా మూసి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి నడిపి, రెండు టార్కు గీతలనూ ఒకే కాగితం మీద గీయాలి. కింది వేగంలో మూసిన గీత పైన ఉంటుంది, పై వేగంలో తెరిచిన గీత పైన ఉంటుంది. రెండూ కలిసే వేగమే తెరవాల్సిన వేగం. తర్వాత పావు వంతు, సగం, ముప్పావు వంతు తెరిచి నడిపితే, మధ్యలో ఒక్కో వేగానికి ఏ కోణం మేలో తెలుస్తుంది. అన్ని గీతల పై అంచును కలిపితే వచ్చేదే సరైన పట్టిక.

మేస్త్రి: డైనో లేని ఊళ్లో?

ఇంజినీరు: చదునైన ఖాళీ ప్రైవేటు ట్రాక్ మీద, మూడో గేరులో, 3,500 నుంచి పూర్తి త్రాటిల్‌తో వేగం పెంచుతూ, బోర్డు చేతనే కాలాన్నీ వేగాన్నీ రాయించాలి. గాలి ప్రభావం పోవడానికి అటూ ఇటూ రెండు వైపులా నడిపి సగటు తీయాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. మీరు చెప్పిన కుదుపు అనుభూతి ఈ రాతలో కనిపించదు. నిజమైన బలమే కనిపిస్తుంది.

మేస్త్రి: ఇలా కొలిస్తే నాకు అభ్యంతరం లేదు. ఏ మార్పూ లేని ఇంజను మీద ఇదే కొలత చేసి చూడండి. గీతలు కలిసే చోటు కంపెనీ అంకెకు దగ్గరగానే తేలుతుందని నా నమ్మకం. తేలినప్పుడు కంపెనీ అంకెను గౌరవించండి.

8. చట్టం

వాల్వుకూ చట్టానికీ పాత సంబంధమే ఉంది. బ్రిటన్‌లో 1983 నుంచి కొన్నేళ్ల పాటు, కొత్తగా నేర్చుకునేవారి బండి 125 సీసీకీ, 12 హార్స్‌పవర్‌కూ మించరాదన్న హద్దు ఉండేది. అటువంటి హద్దులున్న చోట్ల అమ్మిన 125 సీసీ బండ్లలో కొన్నింటికి వాల్వును కదలకుండా బిగించి, లేదా పైపులో సందు ఇరుకు చేసి, బలాన్ని తగ్గించేవారు. ఆ అడ్డు తీసేస్తే బండి చట్టం దృష్టిలో వేరే తరగతికి చెందుతుంది. లైసెన్సు, బీమా రెండూ చిక్కులో పడతాయి.

ఇంజినీరు: మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగానే చెప్పింది. వాల్వు కంట్రోలరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండదు కాబట్టి వాదించడానికి చోటుంది.

మేస్త్రి: వాదించడానికి చోటుండటం వేరు, అనుమతి ఉండటం వేరు. పొగ, శబ్దం హద్దు దాటితే అదే చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా వేస్తుంది. కాలుష్య పరీక్షలో బండి నిలవాలి. పైపు తెరిచి, వాల్వు మార్చి వీధిలో మోగించే బండి పవర్ వాల్వు గొప్పతనాన్ని ఎవరికీ చెప్పదు.

9. తేలినది

ఇద్దరి వాదాలూ చివరికి కొన్ని చోట్ల కలిశాయి. ఇంజను, పైపు, జెట్టు కంపెనీవే ఉండి, పెట్టె పని చేస్తుంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అప్పుడు చేయాల్సింది మసి తీయడం, కేబుళ్లు సర్దడం, సీళ్లు మార్చడం. పొటెన్షియోమీటరును మభ్యపెట్టే రెసిస్టరు, వాల్వును శాశ్వతంగా బిగించడం రెండూ సవరణలు కావు, లోపాలే. పైపు మారినప్పుడు, పోర్టు మారినప్పుడు కంట్రోలరు పట్టిక మారాలి. అది డైనో మీదో, రాసుకున్న కాలాల మీదో ఆధారపడి మారాలి. నలభై ఏళ్ల పాత పెట్టెలో కెపాసిటర్లు ఎండి, టంకం పగిలి, కొత్తది దొరకనప్పుడు మార్చడం తప్పదని మేస్త్రి ఒప్పుకున్నాడు. మార్చినా పాత కనెక్టరును కోయకుండా, పాత పెట్టెను భద్రపరచి, ఎప్పుడైనా వెనక్కి పోయేలా చేయాలని ఇంజినీరు ఒప్పుకున్నాడు.

మిగిలిపోయిన భేదం ఒక్కటే. కంపెనీ అంకె తప్పని రుజువు కానంతవరకు సరైనదేనని మేస్త్రి పట్టు. కొలవనంతవరకు ఏ అంకె కూడా సరైనది కాదని ఇంజినీరు పట్టు. బండి యజమానికి ఈ రెండూ ఒకే పని చెబుతున్నాయి: వాల్వు మసి గీకి, కేబుల్ సర్ది, గీతలు గీసిన తర్వాతే అంకెను ముట్టుకోవాలి. 2.4 మిల్లీమీటర్ల అంచుతో తేలే సంగతిలో ఊహకు చోటు లేదు.